తొలి మంచుకొండ స్నేహితులతో: కేదార్‌కంఠే ఎందుకు? ఎలా ఎక్కాలి?

చలికాలం దగ్గరపడేసరికి హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులోని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరగడం మొదలవుతుంది: "ఈసారి మంచులో ట్రెక్‌కి పోదామా?" ఎవరో ఒకరు కేదార్‌కంఠ పేరు ఎత్తుతారు. ఇంకొకరు ఫొటోలు పెడతారు. నలుగురైదుగురు వెంటనే సరేనంటారు. అసలు సందేహాలు ఆ రాత్రి మొదలవుతాయి. ఎప్పుడూ పెద్ద కొండ ఎక్కనివాళ్లం 12,500 అడుగులు ఎక్కగలమా? ఊపిరి అందకపోతే ఏం చేయాలి? మాలో ఒకరు ఆగిపోతే మిగతావాళ్లు ఏమవ్వాలి? ఇలా అడిగేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని, నిదానంగా జవాబు చెబుతాను.

ఇన్ని కొండలుండగా కేదార్‌కంఠే ఎందుకు?

ముందు చోటు తెలియాలి. పేరు విని కేదార్‌నాథ్ దగ్గర అనుకునేవాళ్లున్నారు. కేదార్‌నాథ్ రుద్రప్రయాగ్ జిల్లాలో ఉంది. కేదార్‌కంఠ ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ పశువిహార్ నేషనల్ పార్క్‌లో ఉంది. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా దాదాపు 200 కిలోమీటర్ల ఘాట్‌రోడ్డు. తొమ్మిది పది గంటలు పడుతుంది. దారిలో నైట్వార్ దగ్గర రూపిన్, సుపిన్ నదులు కలిసి టోన్స్ అవుతాయి. ఆ లోయలో దుర్యోధనుడికీ కర్ణుడికీ గుళ్లున్నాయి. మహాభారతం మనకు నేర్పిన పక్షపాతాలు అక్కడ చెల్లవు. రోడ్డు చివర సాంక్రీ అనే ఊరు, సుమారు 1,950 మీటర్ల ఎత్తులో. నడక అక్కడే మొదలు.

సాంక్రీ నుంచి దేవదారు, ఓక్ అడవుల గుండా ఎక్కితే 2,770 మీటర్ల దగ్గర జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు. చలికాలంలో అది గడ్డకట్టి ఉంటుంది. మొదటి రాత్రి మకాం అక్కడే. మర్నాడు 3,430 మీటర్ల దగ్గర బేస్ క్యాంప్. మూడోనాడు తెల్లవారుజామున శిఖరం, సుమారు 3,810 మీటర్లు. మొత్తం నడక రానూపోనూ 20 కిలోమీటర్లకు అటూఇటూ. తాళ్లు పట్టుకుని వేలాడాల్సిన చోటు ఎక్కడా లేదు. పైనుంచి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ శిఖరాలు వరసగా కనిపిస్తాయి. పాండవుల మహాప్రస్థానాన్ని జనం ముడిపెట్టేది ఈ స్వర్గారోహిణితోనే.

దూరం తక్కువనో, దారి బాగుందనో దీన్ని తొలి ట్రెక్‌గా చెప్పడం మామూలే. నా లెక్కలో అసలు కారణం వేరు. ఈ కొండ మీద ఎక్కడున్నా, వెనక్కి తిరిగితే కొన్ని గంటల్లో ఊరు చేరతారు. ఎత్తు పడక ఇబ్బంది మొదలైన మనిషికి కిందికి దిగడానికి మించిన మందు లేదు. ఆ మందు ఇక్కడ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. ఎత్తైన కనుమలు దాటే ట్రెక్‌లలో అలా ఉండదు. అక్కడ ఒక్కోసారి కిందికి దిగాలంటే ముందు ఇంకా పైకి ఎక్కాలి.

పైన ఆక్సిజన్ నిజంగానే తక్కువా?

గాలిలో ఆక్సిజన్ వాటా హైదరాబాద్‌లోనైనా, ఎవరెస్ట్ మీదనైనా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. మన నెత్తిన ఉండే గాలి పొర ఎత్తుకు వెళ్లేకొద్దీ పలచబడుతుంది. కేదార్‌కంఠ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు 62 శాతం. అంటే ఒక్కో శ్వాసకు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఆక్సిజన్ కూడా ఆ మేరకే.

శరీరం దీన్ని చూస్తూ ఊరుకోదు. మొదట శ్వాస వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది. ఎక్కువగా ఊపిరి తీసేకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటికి పంపుతాయి. పైకి వెళ్లినవాళ్లు రాత్రి రెండు మూడుసార్లు టెంట్ జిప్ తీసుకుని బయటికి పోవడానికి ఒక కారణం ఇదే. అది విసుగు తెప్పించినా మంచి సూచనే, శరీరం అలవాటు పడుతోందని అర్థం. ఎర్ర రక్తకణాలు పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది. నాలుగు రోజుల ట్రెక్‌లో దాని మీద ఆశ పెట్టుకోలేం.

నిద్రలో ఇంకో విచిత్రం జరుగుతుంది. శ్వాస కాసేపు వేగంగా సాగి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ ఒక్కసారిగా అందుకుంటుంది. పక్కన పడుకున్న స్నేహితుడికి అలా జరిగితే భయపడి లేపక్కర్లేదు. ఆ ఎత్తులో ఆరోగ్యవంతులకూ అది మామూలే.

ఈ సర్దుబాటుకు కావలసింది సమయం. 3,000 మీటర్లు దాటాక, రాత్రి నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వతవైద్యులు చెబుతారు. ఇప్పుడు పైన చెప్పిన అంకెలు మళ్లీ చూడండి. చెరువు దగ్గర నుంచి బేస్ క్యాంప్‌కు 660 మీటర్లు. ఇది హద్దుకు కాస్త మించిన వేగమే. చాలామంది ఇబ్బంది లేకుండా ఎక్కి వస్తున్నారు, కొందరు తలపట్టుకుని కూర్చుంటున్నారు కూడా. సెలవు ఒక్కరోజు ఎక్కువ దొరికితే జూడా కా తాలాబ్ దగ్గర రెండో రాత్రి ఉండండి. పగలు ఒకటి రెండు వందల మీటర్లు పైకి నడిచి, కిందికి వచ్చి పడుకోండి. కొత్తవాళ్ల బృందానికి నేనిచ్చే సలహాల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. వరస తప్పకుండా ఆరు రోజుల్లో డెహ్రాడూన్ చేర్చే ప్యాకేజీలో ఈ అదనపు రోజు దొరకదు. ముందే అడిగి పెట్టించుకోవాలి.

రోజూ జిమ్‌కు వెళ్లేవాడికి తలనొప్పి ఎందుకు? కాస్త లావుగా ఉన్నవాడు హాయిగా ఎందుకున్నాడు?

కాళ్ల బలానికీ ఎత్తుకు అలవాటు పడే గుణానికీ సంబంధం చాలా తక్కువ. రెండోది చాలావరకు పుట్టుకతో వచ్చిన తేడాల మీద, ఎక్కే వేగం మీద ఆధారపడుతుంది. బలమైనవాళ్లకు ఒక ప్రమాదం ఎక్కువ కూడా. వాళ్లు వేగంగా ఎక్కగలరు కాబట్టి ఎక్కేస్తారు.

కొండజబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక, పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల లోపు మొదలవుతుంది. తలనొప్పి, దానితోపాటు వికారం, ఆకలి చచ్చిపోవడం, నీరసం, తల తిరగడం. స్నేహితుల బృందంలో అది ఎలా కనిపిస్తుందో చెబుతాను. బేస్ క్యాంప్, సాయంత్రం ఐదు. ఎండ పోయింది, అందరూ వంట టెంట్‌లో గుండ్రంగా కూర్చున్నారు. సూప్ గిన్నెలు చేతికొచ్చాయి. ఒకడు మాత్రం గిన్నె కింద పెట్టేసి, మంకీ క్యాప్ నుదుటి మీదికి లాక్కుని, గోడకేసి చూస్తున్నాడు.

"ఏరా, తల నొస్తోందా?"

"ఏం లేదురా. నిన్న నిద్ర లేదు కదా, అంతే."

ఈ "ఏం లేదురా" అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అబద్ధం చెప్పాలని కాదు ఆ మాట. తన వల్ల అందరి ట్రెక్ పాడవుతుందేమో, రేపు తనను కింద వదిలి వెళ్తారేమో, తిరిగొచ్చాక ఏడిపిస్తారేమో అన్న బెరుకు. తెలియనివాళ్లతో వెళ్లినప్పుడు కంటే స్నేహితులతో వెళ్లినప్పుడే ఈ బెరుకు ఎక్కువ. కాబట్టి బయల్దేరే ముందు, ఇంకా హైదరాబాద్‌లో ఉండగానే, ఒక ఒప్పందం చేసుకోవాలి. రోజూ సాయంత్రం భోజనం ముందు ప్రతి ఒక్కరూ తల ఎలా ఉందో, తిన్నది లోపల నిలిచిందో లేదో, నిద్ర పట్టిందో లేదో అందరి ముందూ చెప్పాలి. ఎవరు ఆగినా వాళ్లతో ఒకరు ఆగాలి. ఆ ఒకరెవరో కూడా ముందే అనుకోవాలి. ఇలా మాటిచ్చుకున్న బృందంలో తలనొప్పి దాచుకోవాల్సిన అవసరమే రాదు.

తలనొప్పి ఒక్కటే, అదీ కొద్దిగా ఉంటే, అక్కడే ఆగి నీళ్లు తాగి, మాత్ర వేసుకుని, విశ్రాంతి తీసుకుంటే చాలాసార్లు తెల్లారేసరికి తగ్గిపోతుంది. తగ్గేదాకా పైకి ఒక్క అడుగు కూడా వేయకూడదు. తగ్గకుండా పెరుగుతుంటే దిగాలి. ఘాట్‌రోడ్డు వాంతులు, మంచినీళ్లు తాగకపోవడం, నిద్రలేమి కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. అయినా 2,500 మీటర్ల పైన వచ్చిన తలనొప్పిని, వేరే కారణమని తేలేదాకా, కొండజబ్బుగానే చూడాలి.

రెండు గుర్తులు కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. తిన్నగా గీసిన గీత మీద మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంటే తూలిపోవడం, మాట తడబడటం మెదడు వాపుకు గుర్తు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, విడవని దగ్గు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తు. అర్ధరాత్రైనా గైడ్‌ను లేపి, లైట్లు పెట్టుకుని, దిగడమే. కేదార్‌కంఠ ఎత్తులో ఇవి అరుదు. అయినా వీటిని గుర్తుపట్టడం బృందంలో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

డైమాక్స్ గురించి అందరూ అడుగుతారు. అసిటజోలమైడ్ అనే ఆ మందు మూత్రపిండాలు చేసే సర్దుబాటును త్వరగా జరిగేలా చేస్తుంది. వేసుకోవాలా వద్దా, ఎంత అనేది మీ డాక్టర్ చెప్పాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను కలవకుండా టికెట్ కొనొద్దు. వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ పైన 80ల్లో అంకెలు చూపిస్తే కంగారుపడొద్దు, 90 చూపించిందని తలనొప్పిని కొట్టిపారేయొద్దు. అంకె కంటే మనిషిని చూడాలి.

రాత్రి చలికి రెండు గుక్కలు మందు పుచ్చుకుందామనే ఆలోచన కూడా వద్దు. మద్యం నిద్రలో శ్వాసను మందగింపజేస్తుంది, చర్మం వైపు రక్తం మళ్లించి ఒంట్లో వేడిని పోగొడుతుంది.

మన ఊళ్లోనే ఉండి ఎలా సిద్ధమవ్వాలి?

ఎత్తుకు ఇక్కడ సిద్ధం కాలేం. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్లలోపే. కాళ్లను, గుండెను మాత్రం ఇక్కడే తయారుచేసుకోవచ్చు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమె, తనతో ఎక్కిన ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ రాతిని పట్టుకోవడం నేర్చుకున్నది భువనగిరి కొండ మీద. ఎత్తును, చలిని నేర్చుకోవడానికి మాత్రం డార్జిలింగ్, లద్దాఖ్ వెళ్లాల్సి వచ్చింది.

మనకున్న అసలైన వ్యాయామశాల అలిపిరి. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి, ఆరేడు వందల మీటర్ల ఎత్తు. కేదార్‌కంఠ ట్రెక్‌లో ఒక రోజు ఎక్కే ఎత్తుకు ఇది దాదాపు సమానం. భుజాన ఐదారు కిలోల బ్యాగ్ వేసుకుని ఎక్కండి. బస్సులో కాకుండా కాలినడకనే దిగండి, ఎందుకంటే ట్రెక్‌లో మోకాళ్లు ఏడిపించేది దిగేటప్పుడే. తిరుపతి దూరమైతే అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. రెండు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు, ఎక్కుతూ దిగుతూ అరగంట, ముప్పావుగంట. ఐదు కిలోమీటర్లు ఆగకుండా నలభై నిమిషాల్లో జాగింగ్ చేయగలిగితే కాళ్ల విషయంలో దిగులు అక్కర్లేదు. బూట్లు కూడా ఈ రెండు నెలలూ వేసుకునే నడవండి. కొత్త బూట్లతో కొండెక్కినవాళ్ల మడమల మీద బొబ్బలు లేస్తాయి. కొనేటప్పుడు మందపాటి సాక్స్ వేసుకుని చూడాలి, వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉండాలి.

నడిచేటప్పుడు ముందు ఎవరుండాలి?

అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు. బలమైనవాళ్లు ముందుంటే ఏమవుతుందో ఒక్కరోజులోనే తెలిసిపోతుంది. వాళ్లు మలుపు దగ్గర ఆగి, పది నిమిషాలు కూర్చుని, వెనకవాళ్లు రాగానే "వచ్చేశారా, పదండి" అని లేస్తారు. విశ్రాంతి అవసరమైనవాళ్లకే విశ్రాంతి దొరకదు. నెమ్మదైనవాళ్లు గైడ్ వెనకే నడిస్తే బృందమంతా వాళ్ల వేగంతో, ఎక్కువ ఆగకుండా, కలిసి చేరుతుంది. మాట్లాడుతూ నడవగలిగే వేగమే సరైన వేగం. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తగ్గించాలి.

చివరి ఎత్తులో అడుగు వేసే పద్ధతి ఒకటుంది, గైడ్ కాళ్లు చూస్తే తెలుస్తుంది. ముందు కాలు మంచులో నాటుతాడు. వెనక కాలి మోకాలు పూర్తిగా నిటారు చేసి, ఒంటి బరువంతా ఆ ఎముక మీద నిలిపి, ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో ముందు కాలి తొడ కండరం వదులుగా ఉంటుంది. ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు బరువు ముందుకు మార్చి, వెనక కాలు పైకి తెస్తాడు. ప్రతి అడుగులో కండరానికి ఒక చిన్న విశ్రాంతి. చూసేవాళ్లకు మరీ నిదానంగా అనిపిస్తుంది. కానీ గంటసేపు ఆగకుండా అలా ఎక్కినవాళ్లు, పరిగెత్తి ఆగి పరిగెత్తి ఆగినవాళ్ల కంటే ముందే పైకి చేరతారు.

శిఖరానికి తెల్లవారుజామున మూడు గంటలకే ఎందుకు బయల్దేరాలి?

సూర్యోదయం కోసమని అందరూ చెబుతారు, అదీ నిజమే. అంతకంటే ముఖ్యం మంచు. రాత్రి చలికి మంచు గట్టిపడి బూటుకు పట్టు ఇస్తుంది. ఎండెక్కాక మెత్తబడి మోకాలి లోతు దిగబడుతుంది, పట్టు జారుతుంది. మధ్యాహ్నానికి మబ్బులు, గాలి కూడా పెరుగుతాయి. అందుకే వెనక్కి తిరిగే సమయం ముందే పెట్టుకోవాలి. ఆ సమయానికి శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా తిరగాలి. ఆ సమయం గైడ్ చెబుతాడు, దాని మీద బేరాలు ఉండకూడదు.

మంచులో జారకుండా బూట్ల కింద తొడిగే మైక్రోస్పైక్స్, మంచు లోపలికి పోకుండా మోకాలి దాకా కట్టుకునే గైటర్స్ ఈ శిఖరం దారిలోనే అవసరం. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు పదిశాతం దాకా పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. అద్దాలు లేకుండా కొన్ని గంటలు నడిస్తే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయాలి, వెలుతురు కింది నుంచి కూడా వస్తుంది మరి.

ఏం వేసుకోవాలి, ఏం తినాలి?

రాత్రి మైనస్ 10 డిగ్రీల దాకా పోవచ్చు. ఒకే లావుపాటి స్వెట్టర్ కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది: ఒంటికి థర్మల్స్, పైన ఫ్లీస్, ఆ పైన డౌన్ జాకెట్, అన్నిటికీ పైన గాలి చొరని పొర. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒకటి తీసేయాలి, ఆగగానే వేసేసుకోవాలి. ఒంటికి నూలు బట్టలు వద్దు. నూలు చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆగిన నిమిషానికి వణికిస్తుంది. ఫోన్ బ్యాటరీ లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో ఉంచుకోండి. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి, మంచు పైభాగంలో ముందు కడుతుంది కాబట్టి మూత దగ్గర గడ్డకట్టదు.

పైన ఆకలి తగ్గుతుంది, శక్తి మాత్రం మామూలు కంటే ఎక్కువ కావాలి. బేస్ క్యాంప్ దగ్గర నీళ్లు 89 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది, పప్పు ఉడకనే ఉడకదు. వంటవాళ్లు కష్టపడి చేసిన రాజ్మా అన్నం దిగకపోతే, చిన్న డబ్బాలో ఆవకాయో కారప్పొడో ఉంటే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. జేబులో పల్లీపట్టీ, ఖర్జూరాలు పెట్టుకోండి. నీళ్లు దాహం వేయకముందే తాగాలి.

తెచ్చుకున్న ప్యాకెట్లు, తడి టిష్యూలు అన్నీ వెనక్కి తీసుకెళ్లాలి. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో ఈ కొండ మీద జనం తీర్థాన్ని తలపిస్తారు. ఆ జాడ ఏప్రిల్‌లో మంచు కరిగాక అడవంతా తేలుతుంది. సాంక్రీ వాళ్ల చెరువులు, పచ్చికబయళ్లు అవి. వీలైతే జనవరి రెండో సగంలోనో, ఫిబ్రవరిలోనో, శని ఆదివారాలు తప్పించి వెళ్లండి. మంచు బాగా ఉంటుంది, దారిలో వరస కట్టి నిలబడాల్సిన అవసరం ఉండదు.

దిగేటప్పుడు, దిగాక?

మంచులో దిగేటప్పుడు వెనక్కి వాలితే జారతారు. కాస్త ముందుకు వంగి, మడమను మంచులోకి దింపుతూ, మోకాలు కొద్దిగా మడిచి నడవాలి. బయల్దేరే ముందు కాలిగోళ్లు కత్తిరించుకుని, చీలమండ దగ్గర లేసులు బిగించుకోవాలి. లేకపోతే బొటనవేలు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. ట్రెక్కింగ్ కర్రలు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ పనికొస్తాయి, పొడవు కొంచెం పెంచుకోండి. రెండు రోజుల తర్వాత తొడలు పట్టేసి, మెట్లు దిగడం కష్టమైతే ఆశ్చర్యపోవద్దు. అది మూడు నాలుగు రోజుల్లో పోతుంది.

తిరుగు టికెట్ విషయం బయల్దేరే ముందే చూసుకోవాల్సింది. సాంక్రీ నుంచి డెహ్రాడూన్ చేరే రోజు రాత్రికే విమానమో రైలో పెట్టుకోకండి. మంచు ఎక్కువ కురిస్తే ఆ రోడ్డు మూసుకుపోతుంది, కొండచరియ పడితే ఆగిపోతుంది. టికెట్ మర్నాటికి ఉంటే, పైన ఎవరికైనా తలనొప్పి వచ్చి ఒకరోజు ఆగాల్సి వచ్చినా ఆ ఒక్కరోజు మీ చేతిలో ఉంటుంది. డబ్బు డెహ్రాడూన్‌లోనే తీసి పెట్టుకోండి, సాంక్రీలో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు కాబట్టి ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరకపోవచ్చు. ఇంట్లోవాళ్లకు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఫోన్ కలవదో ముందే చెప్పి వెళ్లండి.